ఎడమ సుడి

బల్ల మీద పళ్లెంలో ఒక పొట్ట వణుకుతోంది. చైనా గ్రాసు కాచి పోసి చేసిన పొట్ట. లోపల రెండు సన్నటి రబ్బరు గొట్టాలు, ఎర్రది ఒకటీ నీలంది ఒకటీ. ఎర్రదాన్ని కదలనివ్వకుండా నీలందాన్ని దాని చుట్టూ తిప్పితే, పసిబిడ్డ కడుపులో పేగు మెలిపడినట్టు లెక్క. ఇందుమతి ఆ పొట్టకి కాస్త ఆముదం రాసి, మెత్తని పట్టీ ఒకటి చుట్టి, కొక్కెం కుడిపక్కకి వచ్చేలా బిగించింది.

"ఇక తిప్పండి డాక్టరుగారూ."

కృపానందం గారు పిల్లల సర్జను. కాకినాడలో ఒకప్పుడు ఆయన చేత పొట్ట కోయించుకున్న పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుని, తమ పిల్లలకి జలుబు చేసినా ఆయన దగ్గరికే తెస్తున్నారు. ఆయన నీలం గొట్టాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పారు. పక్కనున్న తెర మీద రెండు చుక్కలు కనిపించాయి. ఒక చుక్క సాగి రెండోదాన్ని చుట్టుకుంటూ సుడి తిరిగింది. పట్టీ మీది దీపం ఎర్రబడింది, పట్టీ కీచుమంది.

"ఇప్పుడు అటు వైపు."

సుడి ఎడమకి తిరిగింది. దీపం పచ్చగానే ఉంది. పట్టీ నోరెత్తలేదు.

"నాకు మింగుడు పడనిది ఇదేనమ్మా," అన్నారాయన. "సుడి సుడే కదా. ఎటు తిరిగినా నాకో మాట చెప్పమను. తేల్చుకునేది నేను."

"చెప్పనిస్తే ఏమైందో మర్చిపోయారా?"

ఆయన మర్చిపోలేదు. ఆ పట్టీని తయారుచేసి మొలకాపు అని పేరు పెట్టింది ఇందుమతే. చెవికి అందని శబ్దాన్ని పసిబిడ్డ పొట్టలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోపలి బొమ్మ గీసుకుంటూ, రాత్రీ పగలూ కాపలా కాస్తుంది. పేగు మెలిపడితే దానికి నెత్తురు మోసే సిరకూడా మెలిక తిరుగుతుంది. దాదాపు ఎప్పుడూ కుడికే తిరిగే ఆ సుడిని పట్టుకోవడమే దాని పని. మెలిపడిన పేగు కొద్ది గంటల్లో నల్లబడి చచ్చిపోతుంది కాబట్టి, తల్లి గమనించి, ఆటో దొరికి, ఆసుపత్రిలో స్కానింగు యంత్రం ఖాళీ అయ్యేదాకా ఆగే వ్యవధి ఉండదు. అందుకే యంత్రాన్నే బిడ్డ నడుముకి కట్టేద్దామనుకుంది.

మొదట్లో మొలకాపు ఎటు తిరిగిన సుడినైనా చూసి అరిచేది. కొందరు పిల్లల్లో సిర పుట్టుకతోనే కాస్త ఎడమకి ఒరిగి ఎడమ సుడిలా కనిపిస్తుంది, దానివల్ల చాలావరకు ఏ హానీ లేదు. అయినా అరిచేది. జనం పిల్లల్ని గుండెకి హత్తుకుని పరుగులు తీసేవాళ్లు. ఎక్కడో ఒక తొందరపాటు డాక్టరు నిక్షేపంలాంటి బిడ్డ పొట్ట కోసి, ఏమీ లేదని కుట్టేశాడు. ఆ తల్లి పట్టీని ఊడబెరికి కాలవలో పడేసింది. ఆ కబురు పాకి నలుగురూ తీసి పారేశారు. ఊరికే మొరిగే కుక్క మాట దొంగ వచ్చిన నాడు ఎవరూ వినరని వాదించి, ఇందుమతి స్వయంగా కూర్చుని ఎడమ సుడి నోరు నొక్కేసింది.

అప్పటి నుంచి మొలకాపు అరిచిందంటే నిజం. బిడ్డ ఒక్కసారైనా కక్కకముందే పట్టించిన సందర్భాలున్నాయి. అలా బతికినవాళ్లంతా మగపిల్లలే. ఆ జబ్బు మగపిల్లలకే ఎక్కువని పుస్తకాల్లోనూ ఉంది కాబట్టి అదేమిటని ఎవరూ అడగలేదు. పట్టీ కట్టుకుని ఉండగా పోయిన బిడ్డ ఒక్కతే, కోరంగిలో, దుర్గ అనే అమ్మాయి కూతురు. లోపల చీము పట్టిందని అక్కడి వైద్యుడు చెప్పాడు. పట్టీ చివరిదాకా పచ్చగానే ఉందని తెలిశాక ఇందుమతి హమ్మయ్య అనుకుంది. ఆ హమ్మయ్య ఆవిడకి తర్వాత చాలాకాలం గొంతులో ముల్లయి కూర్చుంది.

కొక్కెం విప్పుతుండగా ఫోను మోగింది. తమ్ముడి భార్య సుహాసిని. పురిటికి మురమళ్లలో పుట్టింట్లో ఉంది.

"వదినా, పాప పొద్దున్నించీ ఏడుస్తోంది. పాలు కక్కేసింది. మా అమ్మేమో..."

"దీపం ఏ రంగులో ఉంది?"

"పచ్చగానే ఉంది. కానీ వదినా, కక్కింది చూస్తే..."

"పచ్చగా ఉంటే నిశ్చింతగా ఉండు. పిల్లలన్నాక కక్కుతారు. భుజాన వేసుకుని వీపు నిమురు. నాకు మధ్యాహ్నం పెద్దవాళ్లు వస్తున్నారమ్మా, మళ్లీ చేస్తాను."

ఫోను పెట్టేసింది. కృపానందం గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏం కక్కిందట?" అన్నారు.

"పాలేనండి. దీపం పచ్చగా ఉంది."

"నేను దీపం సంగతి అడగలేదమ్మా," అని ఆయన ఆపరేషన్లున్నాయంటూ కిందికి వెళ్లిపోయారు.

* * *

మధ్యాహ్నం ఆరోగ్య శాఖ నుంచి కార్యదర్శి వచ్చాడు, వెంట మరో ఇద్దరు అధికారులు. రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డకీ మొలకాపు కట్టాలా వద్దా అన్నది ఆ పూట తేలిపోవాలి. పళ్లెంలో పొట్టని చూసి కార్యదర్శి నవ్వాడు. కుడి సుడికి అది కీచుమంటే ఉలిక్కిపడి, మరింత నవ్వాడు. ఇందుమతికి ధైర్యం వచ్చింది.

"బొమ్మ పొట్ట ఎందుకు సార్, బతికున్న పొట్టే చూపిస్తాను. మా మేనకోడలు. బారసాలనాడు నా చేత్తోనే కట్టాను."

మీట నొక్కగానే, గోదావరి అవతల మురమళ్లలో ఉన్న పాప కడుపు కాకినాడలో గోడంత తెర మీదికి వచ్చింది. బూడిదరంగు మబ్బుల్లో చిన్న చిన్న చుక్కలు. అంచున పచ్చ దీపం.

"అక్కడేదో తిరుగుతోంది కదమ్మా?" అన్నాడు కార్యదర్శి.

"ఎడమ సుడి సార్. అది ఏమీ చె..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

నిన్న పాప కడుపులో ఏ సుడీ లేదు. మొన్నా లేదు. మేనకోడలి ముద్దు కొద్దీ రోజూ ఒకసారి ఆ బొమ్మ చూసుకునే అలవాటు ఆవిడకి. పుట్టుకతో ఉన్న ఒరుగుడు ఇవాళ కొత్తగా ఎక్కడినుంచి ఊడిపడుతుంది?

ఇందుమతి బొమ్మని పక్కలకి పెద్దది చేసింది. మామూలుగా మొలకాపు నడిమి భాగమే చూపిస్తుంది, చుట్టూ ఉన్నది కత్తిరించేస్తుంది. కత్తిరించినదంతా ఇప్పుడు తెర మీదికి వచ్చింది. కాలేయం కనిపించింది. ఉండవలసిన పక్కన లేదు. మనిషికి కుడిపక్క ఉండే కాలేయం ఈ పాపకి ఎడమపక్క ఉంది. అద్దంలో చూస్తున్నట్టుగా, అన్నీ అటువి ఇటు మారిపోయి ఉన్నాయి.

పాపలో ఏ మార్పూ లేదు. పట్టీ తిరగబడింది. కొక్కెం కుడిపక్క కాక ఎడమపక్క ఉంది. తిరగబడిన పట్టీకి కుడి సుడి ఎడమ సుడిగా కనిపిస్తుంది. అంటే పాప పేగు మెలిపడి ఉంది.

కట్టింది ఎవరు? ఇంకెవరు! బారసాలనాడు సుహాసిని తల్లి వరలక్ష్మి గారు వెండి పళ్లెంలో పట్టీ పెట్టి అందిస్తూ, "మొలతాడు కట్టాల్సింది మేనత్తే కదండీ, మీ పట్టీయే కట్టండి" అంది. చుట్టూ ముత్తయిదువులు, సాంబ్రాణి పొగ. పాప కాళ్లు తన్నుకుంటోంది. ఆడపిల్లకి ఏదైనా ఎడమే. చెయ్యి చూపించుకున్నా ఎడమచెయ్యి, కన్ను అదిరినా ఎడమకన్ను, మొలతాడు ముడి వేసినా ఎడమపక్కన. ఇందుమతి అమ్మమ్మ అలాగే వేసేది, అమ్మా అలాగే వేసింది. ఇందుమతి చెయ్యి ఏ ఆలోచనా లేకుండా పట్టీని తిప్పి కొక్కెం ఎడమకి తెచ్చి బిగించింది. ఆ పూట ఆవిడ ఇంజనీరు కాదు, మేనత్త.

ఆసుపత్రిలో నర్సులు చెప్పినట్టు కుడికే కడతారు. ఇంటికి వెళ్లాక మొదటిసారి నీళ్లు పోసి, మళ్లీ కట్టేటప్పుడు, ఆడపిల్ల తల్లులు ఏ పక్కకి కడతారు? తడపకండి, బిగించి కట్టకండి అని ఇంటింటికీ చెప్పారు. కొక్కెం ఏ పక్క ఉండాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని తట్టనే లేదు.

మొలకాపు మగపిల్లల్నే ఎందుకు కాపాడిందో ఇందుమతికి అర్థమైంది.

"క్షమించండి సార్. ఇది ఇవ్వకండి. దీనిలో తప్పుంది," అంటూనే ఫోను అందుకుంది.

* * *

ఫోను వరలక్ష్మి గారు ఎత్తింది.

"ఇప్పుడే కునుకు తీసిందండి. వామునీళ్లు రెండు చుక్కలు పట్టాను. ఏడుపాపింది. సుహాసిని అన్నానికి కూర్చుంది."

పేగు మెలిపడిన బిడ్డ ఏడుపాపిందంటే ఏడ్చే ఓపిక కూడా పోయిందని అర్థం. "కక్కింది ఏ రంగులో ఉందండీ?"

"పసరండి. ఆకుపసరు. పైత్యం అయ్యుంటుంది."

పసిబిడ్డ పసరు కక్కిందంటే పేగుకి ఎక్కడో అడ్డు పడినట్టే.

"వరలక్ష్మిగారూ, పాపని లేపండి. ఇప్పుడే కారెక్కించండి. ఇంకేమీ పట్టకండి. పాల చుక్కకూడా వద్దు."

ఆవిడ నిదానంగా, కాస్త నొచ్చుకున్నట్టుగా, "పొద్దున్న మీరే కదండీ నిశ్చింతగా ఉండమన్నారు? దీపం పచ్చగానే ఉందండి. నేను చూస్తూనే ఉన్నాను. నిద్రపోయే పిల్లని ఎండలో అంతదూరం ఎలా తెమ్మంటారండి?"

తను చెప్పిన మాటే గోడై అడ్డం నిలబడింది. ఊరూరా తిరిగి ఆ దీపాన్ని నమ్మండని చెప్పింది తనే. జనం నమ్మారు. ఇప్పుడు నమ్మకండంటే ఎందుకు వింటారు?

"ఆ దీపం అబద్ధం చెబుతోందండీ. పట్టీ తిరగేసి కట్టాను. నేనే కట్టాను, నా చేత్తోనే. పాప పేగు మెలిపడింది. మీరు ఆలస్యం చేస్తే పాప దక్కదు."

ఇలా మొహం మీద చెప్పాల్సిన మాట కాదు. కానీ మెత్తగా చెప్పేందుకు వ్యవధి లేదు. అటువైపు ఫోను కింద పడిన చప్పుడు, "ఒసేయ్ సుహా!" అన్న కేక వినిపించాయి.

మురమళ్ల నుంచి ఎదుర్లంక వంతెన, వంతెన దాటితే యానాం, తర్వాత తాళ్లరేవు, కోరంగి, అక్కడినుంచి కాకినాడ. ఇందుమతి కళ్లు మూసుకుని ఆ దారంతా కారుతో పాటు నడిచింది. కృపానందం గారికి కబురు చెప్పగానే ఆయన ఒక్క ప్రశ్నకూడా వెయ్యలేదు. "థియేటర్ సిద్ధం చెయ్యండి" అని కేకేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఉదయం ఆయన వేసిన ప్రశ్నకి జవాబిచ్చి ఉంటే అని అనుకుంది. అనుకుని ఏం లాభం?

మేడ మీద అధికారులు ఇంకా కూర్చునే ఉన్నారు. కార్యదర్శి మెల్లిగా లేచి, "అమ్మా, మా మనవరాలికి ఒకటి ఇచ్చారు మీరు, గుర్తుందా?" అన్నాడు. మొహంలో నవ్వు లేదు.

"ఉంది సార్. కొక్కెం కుడికి మార్చమనండి. ఇప్పుడే."

ఆయన ఫోను తీసుకుని వరండాలోకి పరుగెత్తాడు. ఇందుమతి కంప్యూటరు ముందు కూర్చుని, తను నొక్కేసిన నోటిని తనే విప్పింది. ఇక ఎటు తిరిగినా అరవమని రాసింది. పట్టీలు కట్టుకున్న ఆడపిల్లలందరి ఇళ్లకీ, కొక్కెం కుడికి మార్చండి, పసరు కక్కితే దీపాన్ని చూడకుండా బయల్దేరండి అని కబురు పంపింది. తొందరలో ఒకటికి రెండుసార్లు తప్పు కొట్టింది.

కారు వచ్చింది. సుహాసిని దిగింది. పాప ఒంట్లో బిగువు లేదు, తల వాలిపోయి ఉంది. పొట్ట ఉబ్బి, నునుపుగా, నీలంగా ఉంది. పట్టీ దీపం అప్పుడు ఎర్రగా వెలుగుతోంది, దారి పొడుగునా కీచుమంటూనే ఉందిట. నర్సు ఎడమపక్క కొక్కెం విప్పి దాన్ని పక్కన పడేసింది. అది బల్ల మీద కూడా అరుస్తూనే ఉంది.

"పొద్దున్నే చెబుదామనుకున్నాను వదినా," అంది సుహాసిని. "పసరని చెప్పబోయాను. మీరు వినలేదు."

ఏడుస్తూ అనలేదు. తిట్టినా బాగుండేది. ఇందుమతి, "అవునమ్మా, వినలేదు" అంది.

థియేటర్ కిటికీ అద్దంలోంచి కృపానందం గారి వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఆయన చేతులు గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిరిగాయి. ఒకసారి, మళ్లీ ఒకసారి. మెలిక విప్పడం అంతే. ఆ తర్వాతే అసలు పరీక్ష. విప్పిన పేగుని వెచ్చని తడిగుడ్డల్లో చుట్టి, దానికి మళ్లీ రంగు వస్తుందేమోనని చూడాలి. అందరూ కదలకుండా నిలబడ్డారు. వరలక్ష్మి గారు బయట బెంచీ మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తోంది. పక్కింటి కారు తోలుకొచ్చిన కుర్రాడు మంచినీళ్లు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు.

గుడ్డలు తీశారు. కృపానందం గారు వంగి చాలాసేపు చూశారు. మళ్లీ కప్పారు. మళ్లీ తీశారు.

బయటికి వచ్చేసరికి ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించారు. "చాలావరకు ఎర్రబడింది. జానెడు ముక్క దక్కలేదు, తీసేశాను. పిల్ల బతుకుతుంది. పాలు మెల్లిమెల్లిగా మొదలుపెడదాం." తర్వాత ఇందుమతి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇంకాస్త ఆగి ఉంటే కుట్టడానికి కూడా ఏమీ మిగిలేది కాదు" అన్నారు.

సుహాసిని గోడకి చేరబడి అప్పుడు ఏడ్చింది. ఇందుమతి దగ్గరికి వెళ్లి, ముట్టుకోవచ్చో లేదో తెలియక, చెయ్యి చాపి ఆగిపోయింది. సుహాసినే ఆ చెయ్యి పట్టుకుంది.

* * *

పాప ఇంటికి వెళ్లిన మర్నాడు ఇందుమతి కోరంగి బస్సెక్కింది. "ఎందుకమ్మా, తవ్వుకుంటే ఏమొస్తుంది, పోయిన పిల్ల తిరిగొస్తుందా?" అన్నారు కృపానందం గారు. తిరిగిరాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

దుర్గ వాకిట్లో పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. పాతికేళ్లు ఉండవు. ఇందుమతిని చూసి గుర్తుపట్టి, తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుని, కుర్చీ తెచ్చి వేసి, మళ్లీ పీట మీద కూర్చుని రొయ్య అందుకుంది.

"ఆ పట్టీ కోసమా అండి? లోపల జాగ్రత్తగా పెట్టానండి. తిరిగిచ్చేద్దామంటే ఎవరూ రాలేదు."

"పట్టీ కోసం కాదమ్మా." ఇందుమతి దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "పాపకి నీళ్లు పోశాక పట్టీ ఎటు కట్టేదానివి?"

"ఎడం పక్కకేనండి. ఆడపిల్ల కదండి." దుర్గ ఆవిడ మొహంలోకి చూసింది. "తప్పాండి?"

"నీ తప్పు కాదు. నేనూ అటే కట్టాను, మా మేనకోడలికి." అని మొదలుపెట్టి, సుడి ఎటు తిరుగుతుందో, పట్టీ తిరగబడితే ఏమౌతుందో, తను ఎందుకు దాని నోరు నొక్కిందో చెప్పింది. దీపం పచ్చగానే ఉందని విని, తన పట్టీలో లోపం లేదని సంతోషించిన సంగతి కూడా దాచలేదు. దుర్గ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

"ఆ వేళ పసరే కక్కిందండి," అంది చివరికి. "ఆసుపత్రికెళ్దామంటే, దీపం పచ్చగా ఉందిగా ఏడవకని మా ఆయన అన్నాడు. పిల్ల పోయాక మా అత్తేమో నా పాలే విషమైపోయాయంది. ఎండ్రకాయ తిని పాలిచ్చానంది. ఊళ్లో అందరికీ చెప్పింది. నేనూ అలాగే అనుకున్నానండి. మళ్లీ పిల్లలొద్దన్నాను మా ఆయనతో. నా పాలు తాగి ఇంకో పిల్ల పోతే ఎలాగండి?"

"నీ పాలల్లో ఏ దోషమూ లేదు తల్లీ. దోషం నాది. నేను కట్టించిన దీపానిది."

దుర్గ తిడుతుందని, తలుపు వేసేస్తుందని ఇందుమతి ఎదురుచూసింది. దానికి సిద్ధపడే వచ్చింది. దుర్గ చేతిలో రొయ్యని పళ్లెంలో వేసి, లేచి గుమ్మంలోకి వెళ్లి లోపలికి కేకేసింది.

"అత్తా! ఇలా రా. కాకినాడ నుంచి ఆవిడొచ్చారు."

ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. చప్పుడుకి పక్కిళ్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు గోడ మీంచి తొంగిచూశారు. దుర్గ కొంగు నడుముకి దోపి, ఇందుమతి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు నాకు చెప్పిందే మళ్లీ చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, మా అత్తకి చెవుడు."

ఇందుమతి కుర్చీలోంచి లేచి నిలబడి, వీధంతా వినేలా, మొదటినుంచీ చెప్పింది.